గబ్బిలాల మీద చదువా? అంటే తప్పేంటి?

మొన్న సంక్రాంతికి నాదెండ్ల వెళ్ళాను. మా చెల్లెలి కూతురు జువాలజీలో ఎం.ఎస్సీ. చదువుతోంది. భోజనాల దగ్గర మెల్లగా చెప్పింది: "పెద్దమ్మా, గబ్బిలాల మీద పరిశోధన చేద్దామనుకుంటున్నా."

వడ్డిస్తున్న మా చెల్లెలి చేతిలో గరిటె ఆగిపోయింది. "శుభమా అని పండగ చేసుకుంటుంటే ఆ మాటలేందే? రాత్రిళ్ళు గుహల వెంట తిరిగే పిల్లని ఎవరు చేసుకుంటారు?" అంది. ఇదే పిల్ల ఇంజనీరింగ్ చదివుంటే ఒంటరిగా అమెరికా పంపడానికైనా సిద్ధపడేది!

చెల్లెల్ని తప్పుపట్టను. గబ్బిలం ఇంట్లోకొస్తే అరిష్టమని మా అమ్మ చెప్పింది, మేమూ నమ్మాం. కానీ వినుకొండలో పుట్టిన జాషువా గారు 1941లోనే తన కావ్యంలో గబ్బిలాన్ని దూతగా శివుడి దగ్గరికి పంపారు. ఆ పల్నాడు వాళ్ళమే ఈసడించుకుంటే ఎట్లా?

ఆ పిల్ల చెప్పిన సంగతులు వింటే నాకే ఆశ్చర్యమేసింది. చెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు పళ్ళు తింటాయి. చిన్నవాటిలో ఎక్కువ భాగం పురుగుల్ని తింటాయి. మన చెవికి అందని సన్నని కూతలు పెట్టి, వాటి ప్రతిధ్వనిని బట్టి చీకట్లో దారి పోల్చుకుంటాయి. చాలా జాతులది ఎవరి కూత వారిదే. ఆ కూతల్ని యంత్రంలో రికార్డు చేస్తే, పట్టుకోకుండానే చాలావరకు ఏ జాతో చెప్పొచ్చట. టెక్సాస్ గుహల్లో లక్షల పిల్లల మధ్య తల్లి తన బిడ్డని గొంతును బట్టి, వాసనను బట్టి గుర్తుపడుతుంది. బాలింత గబ్బిలం ఒక్క రాత్రిలో తన బరువులో మూడింట రెండు వంతుల దాకా పురుగుల్ని తింటుంది. పాలివ్వాలి కదా!

ఈ చదువు వల్ల లాభమేంటంటారా? పత్తి పండించే ఇళ్ళ వాళ్ళం, మనమే అడిగితే ఎట్లా? మన పత్తి కాయల్ని తొలిచే శనగపచ్చ పురుగుకి దగ్గరి చుట్టం లాంటి పురుగు టెక్సాస్‌లోనూ ఉంది. అక్కడి గబ్బిలాలు దాని రెక్కల పురుగుల్ని తినేస్తాయి. ఎనిమిది కౌంటీల పత్తికి అట్లా ఒనగూడే మేలు ఏడాదికి సుమారు 7 లక్షల 40 వేల డాలర్లని 2006లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన చేలమీద తిరిగే గబ్బిలాల లెక్క కూడా ఎవరో ఒకరు తేల్చాలిగా?

మన ఆడవాళ్ళకి ఇది కొత్త దారేం కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టర్ భార్గవి శ్రీనివాసులు ఏళ్ళ తరబడి గబ్బిలాల మీద పనిచేశారు. కర్ణాటకలోని కోలారు జిల్లా హనుమనహళ్ళి దగ్గర ఒకే ఒక్క గుహలో మిగిలిన ఆకుముక్కు గబ్బిలాల గురించి ఆమె బృందం పరిశోధించింది. అవి రెండు వందలకు మించవని అంచనా. రాళ్ళ కోసం ఆ కొండల్ని తవ్వేస్తుంటే, అక్కడ ఏముందో తెలిసినవాళ్ళు ఉండబట్టే దాన్ని కాపాడాలన్న మాట పుట్టింది.

సాఫ్ట్‌వేర్ అమ్మాయి రాత్రి షిఫ్టుకి వెళితే జీతమెంతని అడుగుతాం. గుహకి వెళ్ళే అమ్మాయినైతే అనుమానంగా చూస్తాం. చీకటి రెండుచోట్లా ఒకటే కదా!

భయాలు లేవనను. ఉన్నాయి. అందుకే పిల్లని వద్దనే బదులు, చదువు చెప్పేవాళ్ళని అడుగుదాం. రాత్రి పనికి బండి ఉందా? తోడు ఇంకో అమ్మాయి ఉంటుందా? రేబిస్ టీకాలు వేయిస్తారా? ఊళ్ళో బస ఎక్కడ? ఇక డబ్బు సంగతి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే ప్రస్తుతం నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్ ఉంది. కట్నానికి దాచే డబ్బులో కొంత ఆ పరీక్ష పుస్తకాలకు ఖర్చుపెడితే నష్టమా?

మా చెల్లెలు ఇంకా ఒప్పుకోలేదు. కానీ నేను బయల్దేరేముందు కూతుర్ని, "నీతోపాటు ఎవరెవరొస్తారే?" అని అడిగింది. కాదనడం మాని ప్రశ్న అడగడం మొదలుపెట్టిందంటే సగం దారి వచ్చినట్టే. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఉంటే, గరిటె పక్కన పెట్టి, ముందు అది చెప్పేది పూర్తిగా వినండి.