మోడల్ కారు నిజంలా కనిపించాలా? పార్టులు కొనే ముందు 24తో భాగించండి

ఫోన్ రివ్యూల్లో మేం పదే పదే చెప్పే మాట ఒకటుంది. మెగాపిక్సెల్స్ పెరిగినంత మాత్రాన ఫొటో బాగా రాదు. 200 మెగాపిక్సెల్ అని బాక్స్ మీద రాసి ఉన్నా, సెన్సార్, లెన్స్, ప్రాసెసింగ్ సరిగ్గా లేకపోతే ఫలితం మామూలే. ఊరందరికీ ఈ నీతి చెప్పే నేనే, స్కేల్ మోడల్ కార్ల దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా అదే తప్పు చేశాను. డబ్బు పోయింది, నాలుగు నెలల ఆదివారాలూ పోయాయి. అందుకే ఈ వారం ఫోన్లు పక్కనపెట్టి ఈ సంగతి రాస్తున్నాను.

మా నాన్న తెనాలిలో చాలా ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు. క్రీమ్ కలర్ బండి. మా చదువులు దాని మీదే గడిచాయి. ఆయన మోకాళ్లు మొరాయించాక దాన్ని అమ్మేశాం. 2014లో ఉత్తరపారా ప్లాంటులో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందని టీవీలో చెప్పినప్పుడు ఆయన ఏమీ మాట్లాడలేదు, లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ బండిని 1/24 స్కేల్లో చేసి సంక్రాంతికి ఆయన చేతిలో పెట్టాలని నా ప్లాన్.

అసలు కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. 1/24 అంటే 18 సెంటీమీటర్లు. అరచేతిలో కాస్త బయటికి వచ్చేంత సైజు. త్రీడీ డిజైన్ చేసే ఫ్రెండ్ ఫైల్ తయారుచేసి ఇచ్చాడు. 8కె రెజిన్ ప్రింటర్ కొన్నాను. ఫొటో ఎచ్ షీట్, మెషీన్ మీద తీసిన అల్యూమినియం చక్రాలు, క్రోమ్ పెన్ తెప్పించాను. పార్టులకే తొమ్మిది వేలు దాటింది. చివర్లో కారు పెయింటింగ్ షెడ్డుకి తీసుకెళ్లి, అసలు కార్లకి వేసే 2కె క్లియర్ కోట్ కొట్టించాను. అద్దంలా మెరిసిపోయింది.

నాన్న కళ్లజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే మాటన్నారు. "బాగా చేశావురా. కానీ ఇది మన బండి కాదు."

ముందు బాధేసింది. తర్వాత కాలిక్యులేటర్ తీశాను.

తేడా ఎక్కడుంది?

అసలు కారు మీద ఫ్యాక్టరీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో పదో వంతు, లేదా ఇంకాస్త. ఇప్పుడు మోడల్ సంగతి చూద్దాం. ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిసి 100 మైక్రాన్లు తేలిగ్గా అయిపోతాయి. దాన్ని 24తో గుణించండి. 2.4 మిల్లీమీటర్లు! అసలు కారు మీద అంత మందాన రంగు పోస్తే ఎలా ఉంటుంది? పెనం మీద ఊతప్పం పోసినట్టు ఉంటుంది. తలుపు అంచులు గుండ్రంగా అయిపోతాయి, సందులు పూడిపోతాయి, ఎంబ్లెం అక్షరాలు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. చూసేవాళ్లకి కారణం చెప్పడం రాకపోవచ్చు. "బొమ్మలా ఉంది" అని మాత్రం వెంటనే అనేస్తారు.

మెటాలిక్ రంగులదీ ఇదే కథ. కార్ల పెయింటులో మెరిసే అల్యూమినియం రేకు 30 మైక్రాన్లు ఉందనుకుంటే, 1/24 మోడల్ మీద అది ముప్పావు మిల్లీమీటరు రేకుతో సమానం. మెటాలిక్ సిల్వర్ కాస్తా పండగ చమ్కీ అయిపోతుంది. అందుకే అసలు కారు కలర్ కోడ్ చెప్పి షాపులో కలిపించిన మెటాలిక్ పెయింట్ "ఒరిజినల్" అయినా మోడల్ మీద ఒరిజినల్‌లా కనిపించదు. మోడళ్ల కోసమే తయారయ్యే టామియా ఎల్‌పీ లాంటి లాకర్లలో రేణువు సన్నగా ఉంటుంది. మెటాలిక్‌కి అలాంటివే తీసుకోండి. క్రీమ్, తెలుపు, ఎరుపు లాంటి సాదా రంగులకైతే మన ఆటో పెయింట్ షాపు మిక్సింగ్ చాలు. కాకపోతే దాని థిన్నర్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ముందు ప్రైమర్ వేయండి, కిట్‌లో మిగిలిన ఫ్రేమ్ ముక్క మీద ట్రై చేశాకే బాడీ మీదికి వెళ్లండి.

మెరుపు ఎక్కువైతే అబద్ధం

నా అసలు తప్పు ఇది. ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోట్ ఉంటుంది కాబట్టి తడి మెరుపు కనిపిస్తుంది. నాన్న బండికి అది లేదు. షెడ్డులో వేసిన సాదా పెయింట్, ఏడాదికోసారి రబ్బింగ్ కాంపౌండ్‌తో చేతి పాలిష్. ఎండకి టాపు, బానెట్ పాలిపోయి ఉండేవి. తలుపుల మీద మాత్రం కాస్త మెరుపు మిగిలేది. ఆరుబయట ఏళ్ల తరబడి నిలబడిన ఏ పాత బండిని చూసినా ఇంతే, పైకి చూసే భాగాలు ముందు మాసిపోతాయి. నేను మాత్రం ఆ బండికి షోరూం మెరుపు పూశాను. నాన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంకో హెచ్చరిక. 2కె క్లియర్ గట్టిపడే మందులో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకి ప్రమాదం, ఆస్తమా కూడా రావచ్చు. షెడ్డుల్లో మూతికి కర్చీఫ్ కట్టుకుని కొడుతుంటారు, అది దేనికీ పనికిరాదు. మామూలు గుడ్డ మాస్కూ అంతే. ఇంట్లో మాత్రం 2కె జోలికి పోవద్దు.

8కె అంటే ఏంటి, ఏది కాదు

ప్రింటర్ బాక్స్ మీద 8కె, 12కె అని రాస్తారు. అది లోపలి స్క్రీన్ రిజల్యూషన్. అడ్డం, నిలువు సూక్ష్మత అక్కడి నుంచి వస్తుంది. ఎత్తు మాత్రం పొర మందం మీద ఆధారపడుతుంది. ఎక్కువమంది వాడేది 50 మైక్రాన్ల పొర. 24తో గుణిస్తే 1.2 మిల్లీమీటర్ల మెట్టు. అంబాసిడర్ టాపు లాంటి నున్నటి వంపు మీద ఆ మెట్లు పొలం గట్లలా కనిపిస్తాయి. 12కె కొన్నా ఆ గట్లు వాటంతటవే పోవు. బాడీని ఏటవాలుగా పెట్టి ప్రింట్ చేయాలి, తర్వాత ప్రైమర్ కొట్టి, తడి ఎమరీతో రుద్ది, మళ్లీ ప్రైమర్ కొట్టాలి. ఈ పని చేసిపెట్టే గ్యాడ్జెట్ ఇంకా రాలేదు.

అలాగని ప్రింటర్ దండగ అనను. బజారులో కిట్ దొరకని మన బండ్లకి అదే దిక్కు. అయితే అది ముడిసరుకు ఇస్తుంది, ఫినిష్ ఇవ్వదు. గట్టిపడని రెజిన్‌ని చేత్తో ముట్టుకోకండి. నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి.

పార్టులు ఎక్కడ దొరుకుతాయి? ఇంట్లోనే

ఏ పార్టు కావాలన్నా ముందు అసలు కొలతని 24తో భాగించండి. ఆ సైజు వస్తువు కోసం చుట్టూ చూడండి. నాకు దొరికినవి ఇవి:

- స్పార్క్ ప్లగ్ వైర్లు: అసలువి 7 మి.మీ. మోడల్లో 0.3 మి.మీ. పాడైన ఇయర్‌ఫోన్స్, పాత చార్జింగ్ కేబుల్ లోపలి సన్న తీగలు చూడండి.
- కిటికీ అద్దాలు: అసలువి 4-5 మి.మీ. మోడల్లో 0.2 మి.మీ. కిట్లలో వచ్చే ఒక మి.మీ. ప్లాస్టిక్ అద్దం బుల్లెట్‌ప్రూఫ్ కారు అద్దంలా ఉంటుంది. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌కి పైన వేసే పారదర్శక షీట్ సరిపోతుంది.
- హెడ్‌లైట్లు: 7 అంగుళాల గుండ్రటి లైటు మోడల్లో 7.4 మి.మీ. మగ్గం వర్క్ సామాన్ల షాపులో ఆ సైజు గాజు రాళ్లు వెతకండి. హైదరాబాద్‌లో ఉంటే బేగంబజార్ ఒక రౌండ్ వేయండి.
- క్రోమ్ పట్టీలు: వంటింటి అల్యూమినియం ఫాయిల్ 10 నుంచి 20 మైక్రాన్లే. పల్చటి జిగురుతో అంటించి, కొత్త బ్లేడుతో కోస్తే బ్రష్‌తో వేసిన ఏ సిల్వర్ పెయింటూ దాని ముందు నిలవదు. వెనకే జిగురున్న బేర్ మెటల్ ఫాయిల్ దొరికితే పని ఇంకా సులువు.
- టైర్లు: కొనక్కర్లేదు. ఉన్నవాటినే 400 నంబర్ ఎమరీతో రుద్దండి. నల్లటి మెరుపు పోయి, రోడ్డు మీద తిరిగిన బూడిద రంగు వస్తుంది.

మరి డబ్బు పెట్టాల్సినవి లేవా? ఉన్నాయి. గ్రిల్, వైపర్లు, ఎంబ్లెం లాంటివాటికి ఫొటో ఎచ్ షీట్ నిజంగా పనికొస్తుంది. లోహం కాబట్టి అంత పల్చగా ఉన్నా నిలబడుతుంది, ప్లాస్టిక్‌కి అది కుదరదు. నా దృష్టిలో మొదటి ఖర్చు మంచి ప్రైమర్, రెండోది ఎయిర్‌బ్రష్, మూడోది రకరకాల ఎమరీ పేపర్లు. ఫొటో ఎచ్ నాలుగో స్థానం. అల్యూమినియం చక్రాలు నేను మళ్లీ కొనను.

విదేశాల నుంచి స్ప్రే క్యాన్లు తెప్పించుకుందాం అనుకునేవాళ్లకి ఒక మాట. అవి మండే గ్యాస్ డబ్బాలు, విమానం పార్సిళ్లలో పంపనివ్వరు. ఇక కోస్తాలో ఉండేవాళ్లు వానాకాలంలో లాకర్ కొట్టకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమని లాక్కుంటుంది, రంగు మీద తెల్లటి పొగ పట్టినట్టు వస్తుంది. పొడి ఎండ ఉన్న రోజు దాకా ఆగడమే మేలు.

అందరూ ఒప్పుకోరు, తెలుసు

నా మాటకి ఎదురు వాదన ఉంది. "కారు షోరూం నుంచి వచ్చినట్టు తళతళలాడాలి, మాకు అదే ఇష్టం" అనేవాళ్లు చాలామంది. కొత్త స్పోర్ట్స్ కారు చేస్తుంటే వాళ్లే కరెక్ట్, దాని నిజమే ఆ మెరుపు. అక్కడా పొర పల్చగా ఉండాలి, పాలిష్‌తో మెరుపు రావాలి తప్ప మందంతో కాదు. ఇంకొందరు ప్రతి మోడల్‌కీ తుప్పు, మట్టి, గీతలు పూసేస్తారు. అది కూడా తప్పే. నాన్న బండికి ఒక్క చోట కూడా తుప్పు ఉండేది కాదు, పొద్దున్నే గుడ్డ పెట్టి తుడిచేవారు. పాతదైనా శుభ్రమైన బండి అది. ఏ బండి, ఏ ఏడాది, ఎవరి చేతిలో నడిచింది అని తెలుసుకోకుండా ఫినిష్ ఎంచుకోవడం, వాడేవాళ్లని అడక్కుండా ఫోన్ కొనిపెట్టడం లాంటిది.

రెండో బండి

2కె క్లియర్ థిన్నర్‌కి లొంగదు. కాబట్టి బాడీ మళ్లీ ప్రింట్ చేశాను. ఈసారి తలుపుల సందుల్ని రంగుకి ముందే సూదితో లోతు చేశాను. అసలు కారులో ఆ సందు 5 మి.మీ. ఉంటే మోడల్లో 0.2 మి.మీ., రెండు కోట్లకే పూడిపోతుంది. తర్వాత సందుల్లో ముదురు గోధుమ రంగు పల్చగా పారించాను. క్రీమ్ బండికి నల్ల గీతలు గీస్తే కార్టూన్ అయిపోతుంది. క్లియర్ అసలు వేయలేదు. తలుపుల్ని మాత్రం కాంపౌండ్‌తో రుద్ది, టాపుని అలాగే వదిలేశాను. బంపర్ మీద ఫాయిల్, దాని మీద పల్చటి పొగ రంగు. మొత్తం కొత్త ఖర్చు ఆరు వందలు కూడా దాటలేదు.

ఫొటో తీసేటప్పుడు ఇంకో సంగతి తెలిసింది. మనిషి కన్ను ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే, 24తో భాగిస్తే దాదాపు 6.7 సెంటీమీటర్లు. ఫోన్ కెమెరాని టేబుల్ మీద ఆ ఎత్తులో పెట్టండి. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, వెనక మసకబారితే ఏ కారైనా బొమ్మలా కనిపిస్తుంది. ఫోన్ చిన్న సెన్సార్‌కి దూరం దగ్గర రెండూ స్పష్టంగా పట్టే గుణం ఉంది. ఎప్పుడూ దాన్ని తిట్టుకుంటాం, ఇక్కడ అదే వరం.

ఆ ఫొటో నాన్నకి వాట్సాప్‌లో పంపాను. అరగంట తర్వాత ఫోన్ చేశారు.

"ఇది ఎప్పుడు తీసిన ఫొటోరా? ఆ బండి ఫొటోలు మన దగ్గర లేవు కదా."

"మోడల్ నాన్నా అది, నిన్ననే అయింది."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ముందు బంపర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టలేదేంరా" అన్నారు.

నిమ్మకాయ అడ్డంగా 45 మి.మీ. అనుకుందాం. 24తో భాగిస్తే 1.9 మి.మీ. పోపుల డబ్బాలోంచి పెద్దదిగా ఉన్న ఒక ఆవగింజ ఏరి, పసుపు రంగు వేసి, ఇయర్‌ఫోన్ తీగకి అంటించాను. తొమ్మిది వేలు పెట్టి తెప్పించిన పార్టుల్లో ఏదీ చేయని పని ఆ ఆవగింజ చేసింది.

మీరూ మోడల్ మొదలుపెడుతుంటే, కార్ట్‌లో పార్టులు వేసే ముందు ఆ బండి నడిపినవాళ్లతో ఒక గంట కూర్చోండి. టాపు ఎలా ఉండేది, బంపర్‌కి ఏం కట్టేవారు, అద్దం ఎవరు తుడిచేవారు అని అడగండి. కాలిక్యులేటర్ ఆ తర్వాత తీయండి. కొనాల్సిన జాబితా సగానికి సగం తగ్గిపోతుంది.