పదో తరగతితోనే జట్టు చెల్లాచెదురు

పదో తరగతి ఫలితాలు వెలువడగానే ఎంతమంది ఉత్తీర్ణులైనదీ, ఎవరికెన్ని మార్కులు వచ్చినదీ పాఠశాల నోటీసు బోర్డు మీదికి ఎక్కుతుంది. అదే పాఠశాల పక్షాన మండల, జోన్ పోటీల్లో ఆడిన ఫుట్‌బాల్ జట్టులోని పదకొండు మంది ఏమైనదీ ఏ బోర్డు మీదా కనిపించదు. గెలిచిన కప్పు ప్రధానోపాధ్యాయుని గదిలో అల్మారాలో భద్రంగా ఉంటుంది. దాన్ని తెచ్చిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారని అడిగితే చెప్పేవారు అరుదు. కొత్తగూడ వంటి ఏజెన్సీ మండలంలో ఇది చిన్న విషయమని కొట్టిపారేయరాదు.

కోయ గూడేలు, లంబాడా తండాలు ఉన్న మండలమిది. ఇక్కడి పిల్లలు పది దాటగానే తలో దిక్కు అవుతున్నారు. ఇంటర్ కోసం కొందరు నర్సంపేట, మరికొందరు మహబూబాబాద్, కాస్త ఆసరా ఉన్నవారు హన్మకొండ దారి పడతారు. చదువు ఆపినవారు పత్తి చేలకో, మిరప తోటలకో, హైదరాబాద్‌లో కట్టుబడి పనులకో పోతారు. ఆడపిల్లల్లో కొందరికి పెళ్లితోనే ఆట ముగుస్తుంది. గోల్‌కీపర్ ఒక ఊళ్లో, ఫార్వర్డ్ మరో ఊళ్లో. జట్టు ఫొటోలో మాత్రమే మిగులుతుంది.

పిల్లల్లో సత్తా లేక ఇలా జరుగుతున్నదనుకుంటే పొరపాటు. ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు పెట్టనికోటగా నిలిచింది హైదరాబాదే. ఆ ఘనతకు మూలపురుషుడైన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన చేతిలో పడి రెండు ఒలింపిక్స్ ఆడాడు. తర్వాత బెంగాల్‌లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు, రైల్వే జట్టుకు ఆడి, అక్కడే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. అమ్ముగూడ కుర్రవాడు ఎక్కడ తేలాడో దేశానికి తెలిసింది. కారణం, ఒక పంతులు అతన్ని గుర్తుపెట్టుకోవడమే.

ఇందులో మరొక కిటుకు కూడా ఉన్నది. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టు ఏళ్ల తరబడి చెదరకుండా నిలవడానికి ఆటగాళ్లకు దొరికిన ఉద్యోగాలు కూడా కారణం. పొద్దున మైదానంలో కలిసినవారికి నెల తిరిగేసరికి జీతం అందేది. కడుపు నిండితేనే కాళ్లు ఆడతాయన్నది అప్పటివారు గ్రహించిన సత్యం.

ఆ రోజులు వేరు, ఈ రోజులు వేరని అనేవారుంటారు. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య సంగతి వారు గమనించాలి. ఆమె భారత మహిళా జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియాలోని డినమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లింది. తండా పిల్లకు బడి ముగిశాక కూడా ఆడేందుకు ఒక మైదానం, నడిపించే ఒక శిక్షకుడు ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే తార్కాణం అక్కరలేదు.

అందరూ బలరాంలు, సౌమ్యలు అవుతారా అన్న ప్రశ్న సహజమే. కారు. పదకొండు మందిలో ఒక్కరు పై మెట్టు ఎక్కితేనే గొప్ప. అసలు ఆలోచించవలసింది మిగిలిన పదిమంది గురించే. తెలంగాణ కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు 1600 మీటర్లు, మహిళలకు 800 మీటర్ల పరుగు పరీక్ష ఉన్నది. మూడేళ్లు ఫుట్‌బాల్ ఆడిన పిల్లలకు అది అందని పండు కాదు. సాధన మాత్రం ఆగిపోకూడదు. ఇంటర్ తర్వాత డి.పి.ఎడ్., డిగ్రీ తర్వాత బి.పి.ఎడ్. చదివి వ్యాయామోపాధ్యాయులు కావచ్చు. రిఫరీ పరీక్షలు రాయవచ్చు. ఈ దారులున్నాయని పదో తరగతిలోనే చెప్పే నాథుడు కావాలి.

ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉన్నదని చాలామంది విన్నారు. ఏ ధ్రువపత్రం చెల్లుతుందో తెలిసినవారు తక్కువ. పాఠశాల స్థాయిలో ఆడినవారికైతే రాష్ట్ర జట్టు తరఫున జాతీయ పాఠశాల క్రీడల్లో పాల్గొన్నట్లు పత్రం ఉండాలి. మండలంలో, జిల్లాలో గెలిచిన కాగితాలు గోడకు అలంకారమే. ఈ సంగతి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే రోజున తెలిసి ప్రయోజనమేమిటి? ఎనిమిదో తరగతిలో తెలిస్తే రాష్ట్ర ఎంపికల దాకా పోవాలన్న పట్టుదల అయినా కలుగుతుంది.

పరిపాలనా పరంగా కూడా ఈ మండలానిది విచిత్రమైన స్థితి. 2016 అక్టోబరులో వరంగల్ జిల్లా నుంచి విడిపోయి మహబూబాబాద్ జిల్లాలో చేరింది. శాసనసభ నియోజకవర్గం ములుగు. గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఏటూరునాగారంలో. ఇందరు పెద్దలున్న ఇంట్లో పిల్లవాడి బూట్ల సంగతి ఎవరు చూడాలన్నది తేలదు. బాధ్యత ఎవరిదో ముందు తేల్చవలసింది అధికారులే.

అంతవరకు పాఠశాలలు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ప్రతి బడిలో ఒక జట్టు పట్టీ పెట్టాలి. ఏ సంవత్సరం ఎవరెవరు ఆడారు, ఏ స్థాయి దాకా వెళ్లారు, ఇప్పుడేం చేస్తున్నారు అన్నవి అందులో రాయాలి. ధ్రువపత్రాల నకళ్లు భద్రపరచాలి. పంద్రాగస్టుకు జెండా దగ్గరకు వచ్చే పాత విద్యార్థులను అడిగి ఏటా సరిచూడాలి. ఆదివారాలు, సెలవుల్లో బడి మైదానం గేటు పాత ఆటగాళ్లకు తెరవాలి. ఉద్యోగం సంపాదించిన పాత ఆటగాడు వారానికొకసారి వచ్చి చిన్నవారికి రెండు మాటలు చెబితే, వేరే ప్రసంగాలు అక్కరలేదు.

దీనికయ్యే ఖర్చు ఒక లావుపాటి నోటుబుక్కు, రెండు బంతులు. కప్పు దాచుకున్న అల్మారాలోనే ఆ పుస్తకానికీ చోటుంటుంది. వచ్చే పంద్రాగస్టు నుంచే కొత్తగూడ పాఠశాలలు దీనికి శ్రీకారం చుట్టడం మంచిది. పిల్లల చేత పాఠశాల పేరు కోసం ఆడించుకున్నప్పుడు, ఆట ముగిశాక వారి బాగోగులు కనుక్కోవడం పాఠశాల విధి.