పిల్లల ఒంట్లో గాదె ఎందుకు ఖాళీ అయింది?

మట్టి తింటున్నాడని పిల్లవాడి వీపు మీద రెండు తగిలించే తల్లిని మన వాడల్లో తరచు చూస్తూనే వుంటాం. బలపాలు కొరుకుతున్నదని బడిలో పిల్లను తిడతారు. అది పాడు అలవాటని మనమంతా అనుకుంటాం. కాని చాలాసార్లు ఆ అలవాటు వెనుక వున్నది ఒంట్లో ఇనుము కొరత. దెబ్బలు తినవలసింది ఆ పసివాడు కాదు.

రైతుకు గాదె ఎలాంటిదో ఒంటికి ఇనుము నిల్వ అలాంటిది. పంట లేని నెలల్లో గాదె గింజలతో ఇల్లు గడుస్తుంది. గాదె అడుగంటిన తరువాతే పొయ్యి ఆరుతుంది. ఒంట్లోనూ అంతే. ముందు నిల్వ తరుగుతుంది, ఆ తరువాతే రక్తం తగ్గుతుంది. కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్షలో బాగానే వున్న పిల్లవాడికి కూడా లోపల గాదె ఖాళీ అయి వుండవచ్చు. దాన్ని పట్టి చూపేది ఫెర్రిటిన్ అనే మరో రక్తపరీక్ష. అది కూలివాడి బిడ్డకు ఎంత దూరంలో వుందో మనకు తెలుసు. చిన్నతనంలో ఈ లోటు వస్తే ఎదుగుదల, చదువు రెండూ దెబ్బతింటాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. 2015-16తో పోలిస్తే రెండు చోట్లా పెరిగింది. వేలి చుక్కతో కొలిస్తే లెక్క ఎక్కువ వస్తుందని కొందరు వాదిస్తారు. సరే, సిర నుంచి రక్తం తీసి కొలిచిన 2016-18 జాతీయ పోషకాహార సర్వేనే చూద్దాం. దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో రక్తహీనత 41 శాతం, ఇనుము లోపం 32 శాతం. అంటే ముగ్గురిలో ఒకరికి గాదె ఖాళీ. ఇది చిన్న లెక్కా?

తల్లులకు తెలివి లేకనే ఇదంతా అనే పెద్దమనుషులున్నారు. అసలు కారణాలేమిటో చూద్దాం.

ఒకటి, తల్లి రక్తం. బిడ్డ పుట్టేనాటికి తెచ్చుకునే నిల్వ సుమారు ఆరు నెలలే వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో పదిమంది స్త్రీలలో దాదాపు ఆరుగురికి రక్తం తక్కువ. నెలలు నిండేదాకా నాట్లలో వంగి పనిచేసి, చివరికి మిగిలిన మెతుకులు తినే తల్లి, బిడ్డ గాదె ఎలా నింపగలదు? నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు ఆ నిల్వ మరీ తక్కువ.

రెండు, తిండి. నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా వుండదు. రాగుల్లో నాలుగు మిల్లీగ్రాములకు పైగా వుంటుంది. మన తాతలు తిన్న రాగులు, సజ్జలు, ఉలవలు పొలం నుంచీ కంచం నుంచీ పోయాయి. పప్పు, మాంసం, చేపలు కూలి డబ్బుకు అందవు. పొద్దున్నే పిల్లవాడి చేతిలో టీ గ్లాసు పెట్టి పనికి పరుగెత్తవలసి వస్తున్నది. టీ ఏమో తిండిలోని కాస్త ఇనుమును కూడా ఒంటికి పట్టనీయదు.

మూడు, కొంకిపురుగు. ఇది అక్షరాలా గాదె కింద పందికొక్కే. బహిర్భూమి మట్టిలోంచి చెప్పుల్లేని పాదాల చర్మం గుండా ఒంట్లోకి దూరి, పేగుల్లో రక్తం పీలుస్తుంది. మరుగుదొడ్డి, నీళ్ళు, కాళ్ళకు చెప్పులు లేనిచోట ఏడాదికి రెండు మాత్రలు వేసి ఊరుకుంటే, పురుగు మళ్ళీ వస్తుంది.

అయితే రక్తహీనత అంతా ఇనుము లోపమే కాదు. మలేరియా, విటమిన్ల కొరత, ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ కూడా కారణాలే. కనుక పరీక్ష చేసి కారణం తేల్చాలి.

2018లో మొదలైన రక్తహీనత విముక్తి కార్యక్రమం కింద అయిదేళ్ళలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఇనుము సిరప్ ఇవ్వాలి. అది మన హక్కు, అడిగి తీసుకుందాం. మలం నల్లబడిందని మానెయ్యవద్దు, అది మామూలే. కాని సిరప్ సీసా ఒక్కటే గాదె నింపలేదు. అంగన్‌వాడీలో పిల్లవాడి తిండికి కేంద్రం 2017లో నిర్ణయించిన ఖర్చు రోజుకు 8 రూపాయలు. ఒక గుడ్డు కొంటే అందులో మిగిలేదెంత? ఆ కేంద్రాలు నడిపే అక్కచెల్లెళ్ళు న్యాయమైన జీతం కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది.

కనుక మనం అడగవలసినవి స్పష్టం. రేషన్‌లో బియ్యంతో పాటు పప్పులు, రాగులు ఇవ్వాలి. అంగన్‌వాడీ తిండి ఖర్చు పెంచాలి. నిల్వలు కొలిచే పరీక్ష ఆరోగ్య కేంద్రంలో వుచితంగా చేయాలి. గర్భిణి కూలీకి చివరి నెలల్లో వేతనంతో విశ్రాంతి కావాలి.

ఈలోగా ఇంట్లో చేయగలిగింది చేద్దాం. పిల్లలకు టీ మాన్పిద్దాం. తోటకూర, మునగాకు వండి దానిమీద నిమ్మరసం పిండుదాం. పులుపు ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. పైసా ఖర్చు లేని పని ఇది.

కూలి రేటు కోసం జరిగే ప్రతి సభలోనూ ఈ విషయం కూడా మాట్లాడాలి. ఊళ్ళో గాదెలు నింపేది మనమే. మన పిల్లల ఒంట్లో గాదె మాత్రం ఖాళీగా వుంటే చూస్తూ ఊరుకుందామా?