కుట్లు విప్పాక ఎవరి బాధ్యత?

2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంతకు ముందు ఐదేళ్లలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్ ఆపరేషన్‌తో జరిగాయి. దేశంలో ఇంత ఎక్కువ మరే రాష్ట్రంలోనూ లేదు. దేశ సగటు 21.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా తీసుకుంటే నూటికి 81.5.

ఈ అంకెల గురించి మనం సభల్లో, కరపత్రాల్లో చాలాసార్లే మాట్లాడుకున్నాం. ఆసుపత్రి బిల్లు కోసం, డాక్టరు వీలు కోసం, ఇంటి పెద్దలు చూపించిన ముహూర్తం కోసం పడుతున్న కోతలెన్ని అని అడిగాం. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక, ఆ పెరుగుదల వల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్నట్టు కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవసరమైన ప్రతి స్త్రీకీ ఆపరేషన్ అందాలని కూడా ఆ ప్రకటనలోనే ఉంది. రెండు మాటలూ మనకు ముఖ్యమే.

అయితే ఆ ఆపరేషన్ అవసరమై చేసినా, అనవసరంగా చేసినా, కోత పడ్డ ఒళ్లు కోలుకోవాలి కదా. ఆ బాధ్యత ఎవరిది? మోకాలి చిప్ప మార్చిన మనిషికి ఒకటి రెండు రోజుల్లోనే ఫిజియోథెరపీ మొదలవుతుంది. ఎన్ని అడుగులు వెయ్యాలో, కాలు ఎంతవరకు మడవాలో పక్కన నిలబడి చెబుతారు. కడుపు కోసిన స్త్రీకి మాత్రం కుట్లు చూసి, మందుల చీటీ రాసి, బిడ్డ టీకాల కార్డు చేతిలో పెట్టి పంపేస్తారు. పిల్లల్ని కనడం ఆడవాళ్లకు మామూలే అనే భావం వైద్య వ్యవస్థలో ఎంత లోతుగా పాతుకుపోయిందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అసలు ఆ ఆపరేషన్‌లో జరిగేదేమిటి? చర్మం, కొవ్వు, దాని కింద గట్టి పొర, లోపలి పల్చటి పొర, చివరికి గర్భసంచి, ఇన్నిటిని కోస్తారు. పొట్ట ముందు నిలువుగా ఉండే కండరాలను సాధారణంగా కొయ్యరు, పక్కలకు జరుపుతారు. కానీ అవి అప్పటికే తొమ్మిది నెలల పాటు సాగి, మధ్యలో ఎడమైన కండరాలు. పైకి కుట్లు పది రోజుల్లో మానినట్టే ఉంటాయి. లోపలి గట్టి పొరకు మాత్రం ఆరు వారాలకు కూడా పూర్వపు బలం రాదు. దానికి నెలలు పడుతుంది. నడుముకు ముందు నుంచి ఆసరా ఇచ్చే కండరాలే నీరసిస్తే భారమంతా వెన్ను మీద పడుతుంది. దానికి తోడు బిడ్డను ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం, నీళ్లు మోయడం.

ఎక్కడికి వెళ్లినా స్త్రీలు నాతో చెప్పే మాట ఒకటుంది: "నడుంలో ఇచ్చిన మత్తు ఇంజక్షన్ వల్లనే ఈ నొప్పి." ఇంజక్షన్ ఇచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికి అది కారణమని మాత్రం పరిశోధనల్లో రుజువు కాలేదు. నెపం ఇంజక్షన్ మీదికి పోవడంతో, నీరసించిన కండరాల సంగతి ఎవరూ అడగరు. అలాగే ఆపరేషన్ అయితే తుమ్మినా దగ్గినా మూత్రం పడే బాధ ఉండదనుకుంటారు. అదీ పొరపాటే. మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని కింద నుంచి మోసే కండరాలు గర్భం మోసిన నెలల్లోనే అలిసిపోయి ఉంటాయి. బయటికి చెప్పుకోలేక గుడ్డలు పెట్టుకుని పనికి పోతున్న ఆడవాళ్లు ఎందరో మనలో చాలామందికి తెలుసు.

పట్టణాల్లో ఈ మధ్య ఇటువంటి తల్లుల కోసం పిలాటిస్ తరగతులు వచ్చాయి. 1883లో జర్మనీలో పుట్టిన జోసెఫ్ పిలాటిస్, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో శత్రుదేశస్థుడిగా బ్రిటన్ నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. అక్కడ తోటి నిర్బంధితులతో చేయించిన కసరత్తుల నుంచి ఈ పద్ధతి రూపు దిద్దుకుంది. 1920లలో న్యూయార్క్ చేరి, 'కంట్రాలజీ' అనే పేరుతో దాన్ని నేర్పాడు. ఊపిరితో కలిపి పొట్ట, నడుము, కటి కండరాలను నిదానంగా, అదుపులో పెట్టి కదిలించడం దీని సారం. ఆపరేషన్ అయిన తల్లికి పనికివచ్చేది ఆ సారమే. పిలాటిస్‌లో ఉన్నదల్లా ఆమెకు పనికిరాదు. 'హండ్రెడ్' అనే పేరున్న వ్యాయామంలో తల, భుజాలు పైకెత్తి నూరు లెక్కపెట్టేదాకా చేతులు ఆడించాలి. పొట్ట కండరాలు ఇంకా ఎడంగా ఉన్న బాలింత మొదట్లోనే అలాంటిది చేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

మొదటి వారాల్లో కావలసినవి ఇంతకన్నా చిన్న సంగతులు. మంచం మీంచి ఒక్క ఉదుటున లేవకుండా పక్కకు ఒత్తిగిల్లి, చేతి ఆసరాతో లేవడం. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవడం. కాలి మడమలు ఆడించడం, ఇంట్లోనే నాలుగడుగులు నడవడం, దాంతో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. మూత్రం గొట్టం తీసేశాక, పడుకుని నిదానంగా ఊపిరి పీల్చి, వదిలేటప్పుడు మూత్రాన్ని ఆపుకున్నట్టుగా కింది కండరాలను బిగించి సడలించడం. సుమారు ఆరు వారాలకు డాక్టరు పరీక్ష చేశాక, మోకాళ్లు మడిచి పడుకుని నడుమును నేలకు ఆనించడం, ఒక్కో కాలు మెల్లగా జార్చడం, ఆ తర్వాత నడుము ఎత్తడం. బిడ్డకన్నా ఎక్కువ బరువు ఈలోగా ఎత్తకూడదు. జ్వరం, కుట్ల దగ్గర చీము, ఎక్కువగా రక్తం పోవడం, పిక్కలో వాపూ నొప్పీ, ఆయాసం, వీటిలో ఏది ఉన్నా వ్యాయామం మాట పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

వీటిలో దేనికీ యంత్రం అక్కర్లేదు, అద్దాల గది అక్కర్లేదు. కావలసింది ఒక చాప, పావుగంట సమయం, సరిగా చేస్తున్నామో లేదో చూసి చెప్పే మనిషి. ఆ మనిషే ఇవాళ డబ్బున్న వాళ్లకు మాత్రం దొరుకుతోంది. హైదరాబాదులో నేను వెళ్లి అడిగిన ఒక కేంద్రంలో నెల రుసుము, నాకు తెలిసిన బీడీ కార్మికుల నెల సంపాదనకన్నా ఎక్కువ. కరీంనగర్ వైపు ఒక ఊళ్లో, రెండో ఆపరేషన్ అయి మూడు నెలలైన ఒక బీడీ కార్మికురాలు ఒళ్లో చాట పెట్టుకుని, ముందుకు వంగి కూర్చునే నాతో మాట్లాడింది. "ఆపరేషన్ చేసిన్రు, కుట్లు ఇప్పిన్రు, గోలీలు రాసిచ్చిన్రు. ఎట్ల లేవాలె, ఎట్ల కూసోవాలె అని ఎవ్వలు చెప్పలే అక్కా" అంది. మనం ఎన్ని పేజీలు రాసినా ఆమె చెప్పిన దానికి కలపగలిగేది తక్కువే.

ఎవరూ చెప్పని చోట ఆచారం చెబుతుంది. బాలింతను కదలనివ్వకపోవడం, నీళ్లు కూడా తక్కువగా ఇవ్వడం, పొట్ట లోపలికి పోవాలని గుడ్డ బిగించి కట్టడం మన ఇళ్లలో ఇంకా చూస్తున్నాం. పుట్టింటిలో దొరికే విశ్రాంతి, వేళకు పెట్టే అన్నం, ఒంటికి రాసే నూనె విలువైనవే. వాటిని మూఢనమ్మకాలని కొట్టిపారేయనవసరం లేదు. కానీ గుడ్డ పొట్టను పట్టి ఉంచగలదే తప్ప కండరానికి బలమివ్వలేదు. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వచ్చి, ముక్కినప్పుడల్లా కుట్ల మీదే ఒత్తిడి పడుతుంది.

మార్కెట్ ఇంకో వైపు లాగుతోంది. కాన్పు కాకముందు ఎలా ఉన్నావో అలా అయిపో, పొట్ట కనిపించకూడదు, పాత జాకెట్టు పట్టాలి అంటుంది. స్త్రీ శరీరం చూడ్డానికి ఎలా ఉందన్నదే ఇక్కడా ప్రశ్న. బిందె ఎత్తగలుగుతోందా, నవ్వితే మూత్రం పడకుండా ఉంటోందా, రాత్రి నొప్పి లేకుండా నిద్ర పడుతోందా అనేవి మన ప్రశ్నలు కావాలి.

తెలుగు ప్రాంతాల స్త్రీల పొట్ట మీద పడే కోత ఇది ఒక్కటే కాదని కూడా గుర్తు పెట్టుకోవాలి. కుటుంబ నియంత్రణ భారమంతా ట్యూబెక్టమీ రూపంలో వాళ్ల మీదే పడింది. అదే సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. దేశ సగటు 3.3. చిన్న వయసులో పెళ్లి, రెండు సిజేరియన్లు, ట్యూబెక్టమీ, తర్వాత గర్భసంచి తీసివేత. నలభై నిండకుండానే ఈ వరస ముగిసిపోయిన స్త్రీలను మన కార్యకర్తలు ప్రతి ఊళ్లోనూ చూస్తున్నారు. కోతకూ కోతకూ మధ్య కోలుకోవడం అనే మాటే ఎక్కడా లేదు.

వ్యాయామం గురించి చెప్పేటప్పుడు మనకూ ఒక జాగ్రత్త అవసరం. ఇంటి చాకిరీ, కూలి, బిడ్డ, వీటి పైన "రోజూ వ్యాయామం చెయ్యి" అని ఇంకో పని నెత్తిన పెట్టి, చెయ్యకపోతే తప్పు ఆమెదే అనడం న్యాయం కాదు. ముందు సమయం కావాలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. పొలం కూలీకి, ఇళ్లల్లో పని చేసే స్త్రీకి, ఇంట్లోనే బీడీలు చుట్టే స్త్రీకి ఆ సెలవు ఎవరిస్తారు? 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రభుత్వాసుపత్రి కాన్పులకు నగదుతో పాటు సబ్బులు, నూనె, దోమతెర, చీరలు ఉన్న కిట్ ఇవ్వడం మొదలుపెట్టింది. మంచిదే. ఇంటికి వెళ్లాక ఎట్లా లేవాలో చెప్పే మనిషి మాత్రం సంచిలో పట్టదు.

ఆ మనిషిని పంపడం అసాధ్యమేమీ కాదు. ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం కింద, సిజేరియన్ అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 7వ రోజు నుంచి 42వ రోజు లోపు ఐదు సార్లు వెళ్లాలి. అంటే కోలుకునే ఆరు వారాల్లో ఐదు సార్లు ప్రభుత్వం ఆమె గడప తొక్కుతోంది. కార్యక్రమం పేరులో శిశువు ఉంది, తల్లి లేదు. ఆ ఐదు సందర్శనల్లో తల్లి నడుము, పొట్ట, మూత్రం సంగతి అడగడం, పైన చెప్పిన కదలికలు చూపించడం చేర్చాలి. దానికి ఆశాలకు శిక్షణ, అదనపు పారితోషికం ఇవ్వాలి. వాళ్ల చేత ఉచితంగా ఇంకో చాకిరీ చేయించడాన్ని మనం ఒప్పుకోకూడదు. కాన్పులు చేసే ప్రతి ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టు బాలింతల వార్డుకు రావాలి. ప్రైవేటు ఆసుపత్రులు తాము చేసిన ఆపరేషన్‌కు ఆరు వారాల తర్వాతి పరీక్షను, వ్యాయామ శిక్షణను అదే బిల్లులో భాగంగా ఇవ్వాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఫ్రాన్స్‌లో కాన్పు తర్వాత కటి కండరాల వ్యాయామ శిక్షణ ఖర్చును సామాజిక ఆరోగ్య బీమా భరిస్తుంది.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఆగనక్కర్లేదు. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకాన్ని గుంపులుగా కూర్చుని చదువుకుని, మన ఒంటి గురించి మనమే మాట్లాడుకున్న తరం మనది. ఈ మూడు నెలల్లో మీ సంఘంలో ఒక సమావేశం బాలింతల కోసం పెట్టండి. ఒక ఫిజియోథెరపిస్టును పిలిచి చాప పరవండి. సిజేరియన్ అయిన ప్రతి స్త్రీనీ మూడు సంగతులు అడిగి రాసుకోండి: ఇంటికి పంపేటప్పుడు ఎవరేం చెప్పారు, ఎన్నో రోజున పనికి వెళ్లింది, ఇప్పుడు ఏ బాధ ఉంది. పేర్లు అక్కర్లేదు. ఆ కాగితాలు మాకు పంపండి. వచ్చే సంచికలో వాటిని అచ్చు వేసి, అవే పట్టుకుని జిల్లా వైద్యాధికారుల దగ్గరకు వెళదాం.