నలభీమపాకమూ, పాస్తా చారూ



ముప్పైనాలుగేళ్ళు తెలుగు బోధించినవాణ్ణి. 'నలభీమపాకం' అన్న సమాసాన్ని ఎన్ని తరగతులలో విడదీసి చెప్పానో లెక్కలేదు. నలుడును భీముడును ద్వంద్వము, నలభీముల యొక్క పాకము షష్ఠీ తత్పురుషము. బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుని కొలువులో నలుడు వండాడనీ, వలలుడన్న పేరుతో విరాటుని వంటశాలలో భీముడు వండాడనీ కథ కూడా చెప్పేవాణ్ణి. పిల్లలు సమాసం పేరు వ్రాసుకొనేవారు. నేను ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కొని, కంచం ముందు కూర్చొనేవాణ్ణి. తెలుగులో వంటను మెచ్చుకోవడానికి ఉన్న అతి పెద్ద మాట ఇద్దరు మగవాళ్ళ పేరు మీద ఉన్నదనీ, ఆ మాటను బోధించే మగవాడికి పొయ్యి వెలిగించడం రాదనీ నాకు అరవైమూడో ఏడు వచ్చేదాకా తట్టలేదు.

2023 వానాకాలంలో మా ఆవిడ పెరట్లో పాచి మీద కాలుజారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. మొదటి మూడు రోజులు ఇరుగుపొరుగువారు అన్నం, కూర పంపారు. నాలుగోనాటి నుండి కర్రీపాయింటు. ఆ కూరలలో తేలే నూనె చూసి, రక్తపోటు ఉన్న మనిషి ఒక ముద్ద తిని ప్రక్కకు జరిపేది. నేను తినేవాణ్ణి. వారం తిరిగేసరికి ఆమె ముఖం పీక్కుపోయింది. నా ముఖంలో మాత్రం మార్పు లేదు. అద్దంలో ఆ సంగతి గమనించిన రోజున నాకు సిగ్గు వేసింది.

ఆ సిగ్గులో నుండి పుట్టిన అభిప్రాయమే ఈ టపా. పదవీ విరమణ చేసిన ప్రతి మగవాడూ ఒక్క గిన్నెలో ఒక పూట భోజనం వండడం నేర్చుకొని తీరాలి. అందుకు మొదటి పాఠం మన వంటే కానక్కరలేదు, కాకపోతేనే మేలు. ఈ రెండో మాటే మా మిత్రులకు రుచించడం లేదు. అందుకే కాస్త వివరంగా వ్రాస్తున్నాను.

మన భోజనం గొప్పది, కాదనను. కాని అది నాలుగు గిన్నెల భోజనం. అన్నం ఒక పొయ్యి మీద, పప్పు ఒక పొయ్యి మీద, కూర, చారు. నాలుగూ ఒకే వేళకు కుదరాలి. ఏభై ఏళ్ళుగా అలవాటైన చేతికి అది శ్వాస తీసుకోవడం వంటిది. అరవై దాటిన అనామకుడికి మాత్రం అష్టావధానమే. నేనూ ప్రయత్నించాను. అన్నం పొంగుతుంటే పోపు మాడింది, పోపు చూస్తుంటే పప్పు అడుగంటింది. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. పప్పుచారు పెడితే అది మా ఆవిడ పప్పుచారుతో, మా అమ్మ పప్పుచారుతో పోటీకి నిలబడాలి. ఆ పోటీలో నేను ఓడిపోవడం నిశ్చయం. ఓడిపోయిన మగవాడు "నా వల్ల కాదు" అని గౌరవంగా తప్పుకొంటాడు. మన ఇళ్ళలో మగవారి వంట ప్రయత్నాలు చాలావరకు ఇక్కడే ముగుస్తాయి. తప్పు చేయడానికి అవకాశం ఉన్నచోటనే నేర్చుకోవడం సాధ్యమని, జీవితమంతా పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన మనకు తెలియనిదా?

మా అమ్మాయి టురిన్‌లో చదువుకొని అక్కడే ఉద్యోగం చేస్తున్నది. అంతకుముందు వచ్చినప్పుడు తెచ్చిన పాస్తా పొట్లాలు రెండు అలమరలో పడి ఉన్నాయి. చిటికెనవ్రేలి కొనంత పొట్టి గొట్టాలు. వాటి పేరు 'దితలీని'. ఇటాలియనులో 'దితాలె' అంటే కుట్టుపనివారు వ్రేలికి తొడుక్కొనే తొడుగు. 'దితలీని' అంటే చిట్టి తొడుగులు. "నాన్నగారూ, వాటితో చారు పెట్టండి. ఒక్క కుక్కరు చాలు" అని ఫోనులో పాఠం మొదలుపెట్టింది. గురువు కూతురు, శిష్యుడు తండ్రి, పరీక్షాధికారి ప్రక్కన కుర్చీలో కట్టుకట్టిన చేతితో మా ఆవిడ.

ఈ వంటకం పేరు 'పాస్తా ఎ ఫజోలి'. పాస్తా, గింజలు అని అర్థం. ఇటలీలో ఇది పేదల తిండిగా పుట్టింది. నేపుల్సులో పొట్లాల అడుగున మిగిలిన రకరకాల పాస్తా ముక్కలన్నీ కలిపి వేసి, గరిట నిలిచేంత చిక్కగా వండుతారట. దీనికి దాయాది మినెస్త్రోనె. 'మినెస్త్ర' అంటే చారు, చివరనున్న 'ఒనె' పెద్దదని తెలిపే ప్రత్యయం. మన పద్ధతిలో చెప్పాలంటే 'పెనుచారు'. ఆ మినెస్త్ర అన్న మాటకు మూలం వడ్డించడం, సేవించడం అనే అర్థాలు గల లాటిను ధాతువు. మంత్రిని చెప్పే మినిస్టరు అన్న మాటా అక్కడ నుండి వచ్చినదే. మినిస్టరంటే మొదట సేవకుడు. ఏలినవారికి ఈ వ్యుత్పత్తి ఎవరైనా గుర్తు చేస్తే బాగుండును.

ఇక విధానం. ఇద్దరికి చెబుతున్నాను. నూరు గ్రాముల బొబ్బర్లు రాత్రి నానబెట్టాలి. అక్కడివారు వేసే గింజలు వేరు గదా, బొబ్బర్లు వేస్తే అనుకరణ కాదా అని మొదట సందేహించాను. చదివి చూస్తే సంగతి తిరగబడింది. ఇప్పుడు ఇటలీలో వాడే గింజలు అమెరికా ఖండాల నుండి, 1492 తరువాత ఐరోపాకు వచ్చినవి. అంతకుముందు అక్కడివారు తిన్నది నల్లకన్ను ఉన్న మన బొబ్బర్ల జాతినే. అంటే బొబ్బర్లతో చేసినదే పాత పద్ధతికి దగ్గర. రాజ్మా వేసేవారు మాత్రం ఒక జాగ్రత్త పాటించాలి. రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్త నీటిలో బాగా మరిగించి మెత్తగా ఉడికించాలి. సగం ఉడికిన రాజ్మా కడుపును అతలాకుతలం చేస్తుంది.

కుక్కరులో రెండు చెంచాల నూనె వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కారెట్టు, మూడు వెల్లుల్లి రెబ్బలు, కొత్తిమీర కాడలు వేసి సన్నని సెగ మీద పది నిమిషాలు మగ్గనివ్వాలి. కొత్తిమీర కాడలు మా బజారులో దొరకని సెలరీకి బదులు. ఇక్కడే నాకు మొదటి మందలింపు పడింది. "ఏవండీ, అది పోపు కాదు, చిటపటలాడించకండి, మంట తగ్గించండి" అన్నది మా ఆవిడ. మన పోపు తరచు చివరిమాట. వీరి ఉల్లి మగ్గింపు మొదటిమాట. మనది ఘల్లుమంటుంది, ఇది నసుగుతుంది. తరువాత నానిన బొబ్బర్లు, లీటరు నీరు పోసి మూత పెట్టి మూడు కూతలు రానివ్వాలి. ఆవిరి పోయాక మూత తీసి, రెండు టమాటాలు తరిగి వేసి, ఉప్పు వేసి పది నిమిషాలు మరిగించాలి. టమాటా ముందే వేయకూడదు. పులుపు తగిలితే గింజ త్వరగా మెత్తబడదు. పప్పు ఉడికిన తరువాతనే చింతపండు రసం పోయాలని మన ఇళ్ళలో చెప్పే నియమమే ఇది. అక్షరాలు వేరు, వ్యాకరణం ఒక్కటే.

ఇప్పుడు నాలుగు గింజలను గరిటతో కుక్కరు అంచుకు అదిమి మెదపాలి. ఎనభై గ్రాముల పాస్తా వేయాలి. "ముందుగా కడగకండి, వేరే గిన్నెలో ఉడికించి వార్చకండి" అన్నది అమ్మాయి. కారణం సులువే. పాస్తా ఉడుకుతున్నప్పుడు దానిలోని పిండిపదార్థం నీటిలోకి దిగుతుంది. చారుకు చిక్కదనం ఇచ్చేది అదే. గంజి విలువ తెలిసిన తెలుగువాడికి ఇది వేరే చెప్పనవసరం లేదు. అడుగంటకుండా కలుపుతూ తొమ్మిది, పది నిమిషాలు ఉడికించి, మిరియాల పొడి చల్లి దింపాలి. అక్కడివారు పైన పార్మిజాను జున్ను తురుముతారు. దాని తయారీలో దూడ కడుపు నుండి తీసిన పదార్థం కలుస్తుంది కనుక మా ఇంట్లో దానికి ప్రవేశం లేదు.

దీనిని తెలుగులో ఏమనాలి? 'గోధుమగొట్టాల పులుసు' అన్నారొక మిత్రుడు. చింతపండు లేని పులుసేమిటి? ధాతువే నొచ్చుకొంటుంది. మా అమ్మమ్మ టమాటాను రామములక్కాయ అనేది, చక్కని మాట. అలాంటి మాట జనం నోట పుడితే తలవంచి స్వీకరిద్దాం. అంతవరకు పాస్తా పాస్తాయే, కాఫీ కాఫీ అయినట్లు. చారు మాత్రం మనది.

లెక్కల మాస్టారైన మా మిత్రుడొకాయన ఇంకొక అభ్యంతరం లేవదీశారు. "పరాయి తిండి ఒంటికి పడదండీ, పైగా అంతా మైదా" అని. మంచి పాస్తా మైదా కాదు, డ్యూరం అనే గట్టి గోధుమల రవ్వ. పొట్లం వెనుక చదివి కొనుక్కోవాలి, అంతే. ఇక పరాయితనం మాటకొస్తే, ఆయన కంచంలోని మిరపకాయ, టమాటా, బంగాళాదుంప సముద్రాలు దాటి వచ్చినవే. నేను ఆయనకు ఒక కథ చెప్పాను. పెల్లెగ్రీనొ ఆర్తూసి అనే ఇటలీ పెద్దమనిషి 1891లో ఒక వంటల పుస్తకం ప్రకటించాడు. మినెస్త్రోనె దగ్గర తన అనుభవం వ్రాసుకొన్నాడు. 1855లో లివోర్నో పట్టణంలో రాత్రి మినెస్త్రోనె తిని పడుకొంటే కడుపు తిప్పేసిందట. తెల్లవార్లూ ఆ చారును తిట్టుకొని, మర్నాడు ఫ్లోరెన్సుకు పోతే, లివోర్నోలో కలరా తగిలిందని కబురు వచ్చింది. బస ఇచ్చిన ఇంటాయన ఆ జబ్బుతోనే పోయాడు. చారు నిరపరాధి. మనమూ అంతే, తెలియనిదాని మీద నింద మోపడం తేలిక. మాస్టారు నవ్వి, "సరే, ఒక గిన్నె పోయండి" అన్నారు.

ఇంతవరకు చెప్పినదంతా వంట. నన్ను కదిలించిన సంగతి వంట అయ్యాక జరిగింది.

మొదటిసారి చారు దింపి, నాకు ఒక గిన్నె, ఆమెకు ఒక గిన్నె పోశాను. ఆమె అలవాటు చొప్పున "మీరు తినండి, నేను తరువాత తింటాను" అన్నది. ముప్పైఆరేళ్ళుగా విన్న మాట. ఎన్నడూ దాని అర్థం ఆలోచించలేదు. నేను తినడం, ఆమె వడ్డించడం, నేను చేయి కడుక్కొన్నాక ఆమె మిగిలినదానితో కూర్చోవడం మా ఇంటి కాలక్రమం. కాని ఈ చారు ఆగదు. పాస్తా ఉన్నకొద్దీ నీరు పీల్చుకొని ఉబ్బుతుంది. అరగంట ఆగితే చారు పోయి ముద్ద మిగులుతుంది. ఆ సంగతే చెప్పాను. "నువ్వు తరువాత తినడానికి ఇందులో ఏమీ మిగలదు. ఇప్పుడే తినాలి" అన్నాను. ఆమె ఎడమచేత చెంచా పట్టుకొని ఎదుట కూర్చున్నది. వడ్డించడానికి మరేమీ లేదు, లేవవలసిన పని లేదు. ఇద్దరం ఒకేసారి, వేడివేడిగా తిన్నాము. పెళ్ళయిన తరువాత మా ఇంట్లో మేమిద్దరమే ఎదురెదురుగా కూర్చొని వేడి అన్నం తిన్న పూట ఏదైనా ఉన్నదా అని ఆ రాత్రి చాలాసేపు వెదికాను. దొరకలేదు.

అప్పుడే నలోపాఖ్యానంలోని ఒక ఘట్టం గుర్తుకు వచ్చింది. బాహుకుడు వండిన మాంసాన్ని చెలికత్తె చేత తెప్పించుకొని, రుచి చూసి, వీడు నలుడేనని దమయంతి గ్రహిస్తుంది. ఇన్నేళ్ళూ ఆమె తెలివిని మెచ్చుకొంటూ పాఠం చెప్పాను. ఆమె ఎలా గుర్తుపట్టగలిగిందో అడగలేదు. నలుడు రాజుగా ఉన్నప్పుడే తన చేతివంట ఆమెకు ఎన్నోమార్లు తినిపించాడు గనుక. రాజ్యం పోయాక నేర్చిన విద్య కాదది. నన్ను అలా గుర్తుపట్టవలసిన గతే పడితే, మా ఆవిడకు ఆధారం ఏమున్నది? నా చేతి రుచి ఆమె నాలుకకు తెలియదు.

కనుక మిత్రులారా, ముఖ్యంగా నా ఈడు మిత్రులారా, మనకు తెలియని వంటకం ఒకటి ఎంచుకోండి. పోలిక పెట్టేవారు ఉండరు. ఒక్క గిన్నెలో అయ్యేదాన్ని ఎంచుకోండి. ఆగనిదాన్ని ఎంచుకోండి. కట్టుకట్టిన చేయి కోసం ఎదురుచూడకండి. కట్టు విప్పిన తరువాత కూడా మానకండి. మా ఆవిడ చేయి నయమై చాలాకాలమైంది. పప్పుచారు రాజ్యం మళ్ళీ ఆమెదే, అందులో వేలు పెట్టను. ఆదివారం రాత్రి మాత్రం వంట నాది.

2025 సంక్రాంతికి అమ్మాయి వచ్చినప్పుడు, నేను బజారుకు వెళ్ళిన సమయంలో తానే ఆ చారు చేసింది. చెప్పకుండా గిన్నెలో పోసి తల్లికి ఇచ్చింది. మా ఆవిడ ఒక చెంచా నోట పెట్టుకొని, "ఇది మీ నాన్నగారు చేసింది కాదు, ఉప్పు సరిపోయింది" అన్నదట.

ఉద్యోగంలో ఉండగా రెండు సన్మానాలు జరిగాయి. శాలువాలు ఎక్కడున్నాయో తెలియదు. ఈ మాట మాత్రం దాచుకొన్నాను.

స్వస్తి.