పరుగుపందెం ఎవరు పెట్టారు?

గత నెలలో ఒక ఆదివారం, మగ్రిబ్ నమాజు తర్వాత, మియాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పాతికమందిమి కూర్చున్నాం. ఎజెండాలో ఒకే అంశం. రంజాన్‌లో చదువుల కోసం పోగుచేసిన విరాళాలను ఏ పిల్లలకు ఇవ్వాలి? హైటెక్ సిటీలో పదేళ్ల అనుభవమున్న ఒక యువ ఇంజనీరు లేచి నిలబడ్డాడు. "ర్యాంకు తెచ్చుకున్న మొదటి పదిమందికే ఇద్దాం భాయ్. మిగతావాళ్లకిస్తే బూడిదలో పోసిన పన్నీరే. పోటీ ప్రకృతి ధర్మం. బలమున్నది నిలుస్తుంది, లేనిది రాలిపోతుంది. మనకు నచ్చినా నచ్చకపోయినా లోకం తీరు ఇదే" అన్నాడు. చాలా తలలు ఊగాయి. వెనక వరుసలో కూర్చున్న ఒక ఆటో డ్రైవరు భాయి మాత్రం తల దించుకున్నాడు. ఆయన కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మార్కులు మధ్యస్థం. ఆమె పేరు ఆ పదిమందిలో ఉండదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ఆ ఇంజనీరు చెడ్డవాడు కాడు. నిధికి అందరికంటే ఎక్కువ ఇచ్చినవాడు. ఆయన నోట పలికిన మాట ఈ ఐటీ కారిడార్ అంతటా గాలిలా తిరుగుతున్న మాట. మన ఇళ్లలోకి, మన మస్జిద్ కమిటీల్లోకి కూడా వచ్చి కూర్చున్న మాట. అందుకే దానికి జవాబు వ్యక్తికి కాక, ఆలోచనకే చెప్పాలి.

మొదట 'ప్రకృతి' సంగతి చూద్దాం. డార్విన్ తన గ్రంథాన్ని 1859లో ప్రచురించాడు. 'అర్హమైనదే మిగులుతుంది' అనే అర్థమిచ్చే నినాదాన్ని 1864లో పుట్టించినవాడు మాత్రం హెర్బర్ట్ స్పెన్సర్. డార్విన్ దాన్ని తర్వాతి ముద్రణల్లో తీసుకున్నాడు. అదే డార్విన్ 1871లో మానవ పరిణామం గురించి రాస్తూ, పరస్పర సానుభూతి ఎక్కువగా ఉన్న సమూహాలే బాగా వర్ధిల్లుతాయని వాదించాడు. ఈ రెండో మాటను ఏ మోటివేషనల్ స్పీకరూ ఉటంకించడు. జంతులోకంలో డార్విన్ చూసినది తన కాలపు ఇంగ్లండు మార్కెట్టునేనని మార్క్స్ 1862లోనే ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరంలో ఎత్తిపొడిచాడు. సైబీరియా చలిలో ఏళ్ల తరబడి తిరిగిన క్రోపోట్కిన్, ఒకదానికొకటి ఆసరాగా బతికే జీవులను గమనించి, 1902లో పరస్పర సహాయంపై ఒక గ్రంథమే వెలువరించాడు. ప్రకృతిలో పోటీ లేదని ఆయన అనలేదు. ప్రకృతిలో పోటీ ఒక్కటే లేదన్నాడు.

వీళ్లందరికంటే ఐదు శతాబ్దాల ముందే మన ఇబ్న్ ఖల్దూన్ 1377లో తన 'ముఖద్దిమా'లో ఈ సంగతిని రొట్టె ముక్కతో తేల్చేశాడు. ఒక్క మనిషి ఒక్క పూట తిండిని కూడా ఒంటరిగా సంపాదించుకోలేడని ఆయన వాదన. గోధుమ పండించాలి, విసరాలి, పిసకాలి, కాల్చాలి. ప్రతి పనికీ పనిముట్టు కావాలి. ఆ పనిముట్టుకు కమ్మరి, వడ్రంగి కావాలి. చేతులు కలిస్తేనే రొట్టె. కాబట్టి సహకారమనేది మంచివాళ్లు అప్పుడప్పుడూ చేసే దానధర్మమనుకోవడం తప్పు. మనిషి బతకడానికే అది మొదటి షరతు.

ఇక 'క్రిటికల్ థియరీ' సంగతి. 1920లలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏర్పడిన సామాజిక పరిశోధనా సంస్థ చుట్టూ పెరిగిన ఆలోచనా ధార ఇది. హార్క్‌హైమర్ 1937లో దీనికి ఆ పేరు పెట్టాడు. ఆ మేధావుల్లో చాలామంది యూదులు. హిట్లర్ పాలనలో దేశం విడిచిపోవలసి వచ్చినవాళ్లు. 'బలవంతుడిదే ప్రకృతి న్యాయం' అనే మాట రాజ్యం చేతికి చిక్కితే ఒక మైనారిటీకి ఏమవుతుందో వాళ్లు పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. వాళ్లు నేర్పిన ప్రశ్న మన అమ్మమ్మలకు కూడా అర్థమయ్యేంత సులువైనది. ఎవరైనా ఒక ఏర్పాటును చూపించి 'ఇది ప్రకృతి' అంటే, దాన్ని కట్టిందెవరు, ఎప్పుడు కట్టారు, దానివల్ల లాభం ఎవరికి అని అడగాలి. అంతే.

ఆ ప్రశ్నను మియాపూర్ మెట్రో స్టేషన్ కిందికి తీసుకెళ్దాం. 2017 నవంబరులో మెట్రో మొదలైన చోటు అది. అక్కడ ఆటో అడ్డాలో ఇప్పటికీ ఒక పద్ధతి నడుస్తుంది. ముందు వచ్చిన బండి ముందు, తర్వాత వచ్చింది తర్వాత. ఒకడు చాయ్‌కి వెళ్తే పక్కవాడు అతని వరుసను కాపాడతాడు. అదే డ్రైవరు ఫోనులో యాప్ తెరిస్తే, తన పక్కనే ఉన్న స్నేహితుడి కంటే ఒక సెకను ముందు వేలు నొక్కడానికి చూస్తాడు. మనిషి మారలేదు. అదే ఖాకీ చొక్కా, అదే ఆకలి. మారింది ఏర్పాటు. అడ్డాలో వరుస అతని చేత సహకారం చేయించింది, యాప్ అతని చేత పోటీ చేయించింది. రెండూ మనిషిలో ఉన్నాయి. దేనికి నీళ్లు పోస్తే అది పెరుగుతుంది.

కంపెనీల లోపల కూడా ఇదే కథ. ఉద్యోగులను వరుసలో పేర్చి, బాగా పనిచేసిన జట్టులో సైతం కొందరికి అట్టడుగు రేటింగు ఇచ్చి తీరాలనే పద్ధతిని ఐటీ ఉద్యోగులు ఎరుగుదురు. అందులో పక్క కుర్చీవాడు నేర్చుకుంటే తనకు నష్టం. గచ్చిబౌలిలో పెద్ద క్యాంపస్ ఉన్న మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని ఏళ్ల తరబడి నడిపి, 2013 నవంబరులో వదిలేసింది. జట్టుగా పనిచేయడమే ముఖ్యమని అప్పుడు ప్రకటించింది. ప్రపంచంలోనే అతి పెద్ద పోటీదారుల్లో ఒకటైన సంస్థ, తన ఇంటి లోపల పోటీ పనికిరాదని గ్రహించింది. మన చదువుల నిధి కమిటీ మాత్రం ఆ పారేసిన పద్ధతిని ఏరుకొచ్చి బీద పిల్లల మీద ప్రయోగించబోతోంది.

ఇప్పుడు అసలు పందెం గీత దగ్గరికి వద్దాం. పరుగు న్యాయంగా ఉందనాలంటే అందరూ ఒకే గీత మీద నిలబడి ఉండాలి. 2006 నవంబరులో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలలో 59.1 శాతం. ఐఏఎస్‌లో మనవాళ్లు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. తెలంగాణ జనాభాలో 2011 లెక్కల ప్రకారం ముస్లింలు 12.7 శాతం. వారి స్థితిగతులపై సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. 2017 ఏప్రిల్‌లో శాసనసభ బీసీ-ఈ కోటాను 12 శాతానికి పెంచే బిల్లును ఆమోదించింది. అది అమలులోకి రాలేదు. 2007లో వచ్చిన 4 శాతమే, 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడన, నేటికీ నడుస్తోంది. ఇది ప్రకృతి వేసిన గీతా? ఒక్కో గీత వెనక ఒక్కో ఉత్తర్వు, ఒక్కో కేసు, ఒక్కో వాయిదా ఉన్నాయి.

భూమి సంగతి ఎత్తితే గుండె మండుతుంది. మణికొండలో హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు చెందినవని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పును గౌరవిద్దాం. కానీ ఈ కారిడార్ ఖాళీ మైదానంలో ప్రతిభ ఒక్కటే కట్టిన కోట అని మాత్రం ఎవరూ చెప్పవద్దు. దాని పునాదిలో ప్రభుత్వ నిర్ణయాలున్నాయి, కేటాయింపులున్నాయి, రాయితీలున్నాయి. చేతులూ ఉన్నాయి. 2020 మే 1న, లాక్‌డౌన్ మధ్యలో, దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మన పక్కనున్న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అందులో దాదాపు 1,200 మంది వలస కార్మికులు. ఈ ప్రాంతపు భవనాలు లేపిన చేతులు అలాంటివారివే. ఏ ర్యాంకు పట్టికలోనూ వారి పేర్లు లేవు.

ఇక్కడ ఎదుటివారి పక్షాన ఒక బలమైన వాదన ఉంది. దాన్ని దాచడం నిజాయితీ కాదు. 'పోటీ పరీక్షే లేకపోతే సిఫారసు రాజ్యమేలుతుంది. జవాబు పత్రం మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ముస్లిం బిడ్డకు పేరు అడ్డురాని చోటు అదొక్కటే' అంటారు. నిజం. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రైవేటు ఉద్యోగాలకు ఒకే అర్హతలతో వేర్వేరు పేర్ల మీద దరఖాస్తులు పంపారు. ఉన్నత కులపు హిందూ పేరుతో పోలిస్తే, ముస్లిం పేరుకు తదుపరి దశకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి దాదాపు మూడో వంతుకు పడిపోయింది. కాబట్టి పేరు కనిపించని పరీక్షను మనం కాపాడుకోవాలి. అయితే ఈ వాదన రుజువు చేసేదేమిటి? పరీక్ష ఒక మనిషి చేసిన కవచమని, వివక్షను అడ్డుకోవడానికి పెట్టిన నియమమని. ప్రకృతికే వదిలేస్తే మన దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుందని. పోటీని సమర్థించే అత్యుత్తమ వాదన కూడా 'ప్రకృతి' మీద కాక, నియమం మీదే నిలబడింది. నియమం మనుషులు చేసేదైతే, దాన్ని సరిదిద్దే బాధ్యత కూడా మనుషులదే.

ఆ నియమం కూడా తప్పుతుంది. 2019 ఏప్రిల్ 18న వచ్చిన ఇంటర్ ఫలితాలను ఈ రాష్ట్రంలో తల్లిదండ్రులెవరూ మరిచిపోలేరు. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి సున్నా పడింది. ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పునఃపరిశీలనలో వెయ్యిమందికి పైగా పాసయ్యారు. మార్కుల మెమోను విధిరాతగా, ప్రకృతి తీర్పుగా నమ్మించిన సమాజానిదే ఆ పాపం. అది కేవలం ఒక కాగితమని, తప్పు పడితే దిద్దవచ్చని, దిద్దకపోయినా బతుకు అక్కడితో ఆగిపోదని ఆ పిల్లలకు ఎవరైనా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

మన దీన్ ఈ విషయంలో మౌనంగా లేదు. ఒకరికంటే ఒకరు ఎక్కువ పోగేసుకోవాలనే ఆరాటం సమాధి గట్టు దాకా మనిషిని ఏమరుపాటులో ఉంచుతుందని సూరా తకాసుర్ హెచ్చరిస్తుంది. అదే దివ్యఖుర్ఆన్ మంచి పనులలో ఒకరినొకరు మించమని కూడా ప్రోత్సహిస్తుంది. ఈ రెంటి తేడా గమనించండి. పోగేసుకునే పోటీలో నా గెలుపు పక్కవాడి ఓటమి. మేలు చేసే పోటీలో నేను గెలిచినా, పక్కవాడు గెలిచినా, ఆకలిగొన్నవాడి కడుపు నిండుతుంది. మదీనాకు వలస వచ్చిన ముహాజిర్లను అక్కడి అన్సార్లు ర్యాంకు చూసి ఇంట్లోకి రానివ్వలేదు. అన్నదమ్ములుగా జతకట్టి, ఉన్నదాంట్లో భాగమిచ్చారు.

సమావేశం ముగిశాక ఆ ఇంజనీరు, నేను కలిసి మెట్రో దాకా నడిచాం. మాటల్లో తన చదువు కథ చెప్పాడు. బీటెక్ నాలుగేళ్లూ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివాడట. టోలీచౌకీలో మామయ్య ఇంట్లో ఉన్నాడట. మొదటి ఇంటర్వ్యూకు సీనియర్ ఒకరు తన షూ ఇచ్చాడట. "అయితే తమ్ముడూ, నువ్వు ఒంటరిగా ఎప్పుడు పరుగెత్తావు?" అని అడిగాను. నవ్వాడు, జవాబు చెప్పలేదు. ఆయన కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ కష్టం ఫలించడానికి ఎంతమంది చేతులు కలిశాయో గుర్తుచేస్తున్నాను. ఆ చేతులు ఆ రోజు ఆయన ర్యాంకు అడిగి ఉంటే, ఈ రోజు ఆ సెల్లార్‌లో మాట్లాడే స్థానం ఆయనకు దక్కేది కాదు.

అందుకే వచ్చే సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. నిధికి మొదటి కొలత ర్యాంకు కాకూడదు, అవసరం కావాలి. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయే బిడ్డ మొదట, ముఖ్యంగా ఆడపిల్ల. ర్యాంకు వచ్చిన పిల్లలకు డబ్బుతో పాటు ఒక బాధ్యత ఇద్దాం. వారానికి రెండు గంటలు తమకంటే చిన్న తరగతి పిల్లలకు చదువు చెప్పాలి. మన ఇంజనీర్లు చందాతో సరిపెట్టకుండా ఆదివారం ఒక పూట ఇవ్వాలి. నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఈ నిధి ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదని రాతపూర్వకంగా నమోదు చేయాలి. స్కాలర్‌షిప్ బకాయిల కోసం, గురుకులాల్లో వసతుల కోసం, 4 శాతం కోటా రక్షణ కోసం ఇదే కమిటీ అర్జీలు పెట్టాలి, అవసరమైతే ధర్నాకు కూర్చోవాలి. దానం చేస్తూ హక్కును మరిచిపోతే, మనమే ఆ వంకర గీతకు సున్నం పూసినవాళ్లమవుతాం.

ఈ పత్రిక చదివే ప్రతి కుటుంబానికీ ఒక మనవి. మీ బస్తీలో, మీ మస్జిద్‌లో కూడా ఇలాంటి నిధి ఉండే ఉంటుంది. ఇలాంటి తీర్మానం వచ్చే ఉంటుంది. 'లోకం తీరు ఇంతే' అని ఎవరైనా అన్నప్పుడు తల ఊపకండి. వెనక వరుసలో తల దించుకున్న మనిషి వైపు ఒకసారి చూడండి. ఆయన కూతురు పరుగులో వెనకబడలేదు. ఆమె పందెం గీత దాకా రావడానికే మనం ఇంకా దారి వేయలేదు.