బావంచాలు, నిమ్మరసం, మన ఎండ

పామూరు నుంచి ఓ సోదరి ఉత్తరం రాశారు. మాఘమాసంలో వాళ్ళమ్మాయి పెళ్లట. "పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తంది. బకూచియాల్ అని ఏదో సీరం బోలెడు డబ్బు పోసి కొనుక్కొచ్చింది. అది బావంచాల నుంచే తీస్తారంట. పచారీ కొట్లో దొరికే సరుకే గదా, నేనే దంచి నిమ్మరసంలో కలిపి రోజూ ముఖానికి పట్టిస్తానంటే వద్దంటా ఉంది. మీరైనా చెప్పండి" అని ఆవిడ బాధ.

అమ్మా, ఈసారికి అమ్మాయి మాటే వినండి.

బావంచాలు మనకి కొత్తవేం కావు. సున్నిపిండిలో పెసలు, కచ్చూరాలతో పాటు ఇవీ వేసే ఇళ్ళు ఎన్నో. బొల్లి మచ్చలకి ఆయుర్వేదంలో వాడకం ఉంది. ఈ గింజల్లో ఉండే ఒక పదార్థమే బకూచియాల్. 2019లో బ్రిటన్ చర్మవైద్యుల పత్రికలో దీని మీద ఒక పరిశోధన అచ్చయింది. 44 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి బకూచియాల్, రెండో జట్టుకి ముడతలకి డాక్టర్లు చెప్పే రెటినాల్ ఇచ్చి 12 వారాలు చూశారు. ముడతలు, నల్లమచ్చలు రెండు జట్లలోనూ ఇంచుమించు ఒకేలా తగ్గాయి. పొట్టు లేవడం, చురచురలాడటం మాత్రం రెటినాల్ వాళ్ళకే ఎక్కువ. మంచి కబురే. అయితే 44 మందంటే పెళ్లిలో ఒక బంతికి కూర్చునేంత మంది! అంతటితో తీర్పు చెప్పేయలేం. కడుపుతో ఉన్నవాళ్ళకి రెటినాల్ వద్దంటారు కదా, దాని బదులు ఇది నిక్షేపంగా వాడొచ్చని కొందరు ప్రచారం చేస్తున్నారు. అలా చెప్పేంత పరీక్షలు జరగలేదు.

ఇక అసలు సంగతి. అదే గింజలో సొరాలెన్ అనే ఇంకో పదార్థం కూడా ఉంది. ఇది చర్మం మీద ఉండగా ఎండ సోకిందంటే కాలినట్టు ఎర్రబడి బొబ్బలెక్కుతుంది, ఆపైన నల్లమచ్చ మిగులుతుంది. బొల్లి వైద్యంలో డాక్టర్లు వాడుకునేది ఈ గుణాన్నే. కానీ వాళ్ళు మందునీ కొలుస్తారు, వెలుతురునీ కొలుస్తారు. పామూరు ఎండని ఎవరు కొలుస్తారమ్మా? సీరం కోసం బకూచియాల్‌ని విడదీసి శుద్ధి చేస్తారు. మీరు రోట్లో దంచితే రెండూ కలిసే వస్తాయి. నలుగులో చిటికెడు పడి, రుద్ది కడిగేసుకోవడం వేరు, ముద్ద చేసి ముఖానికి పట్టించి ఉంచుకోవడం వేరు.

పైగా నిమ్మరసమా! మన పుల్ల నిమ్మకాయలో, ముఖ్యంగా తొక్కలో, ఈ సొరాలెన్ జాతి పదార్థాలే ఉంటాయి. రసం పూసుకుని ఎండలో తిరిగితే ఆ పూట ఏమీ కనిపించదు. ఒకటి రెండు రోజులకి మంట, ఎరుపు బయటపడతాయి. మచ్చలు పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

మరి పసుపు మాటేమిటంటారా? పుండ్లు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చేస్తే, మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. గర్వపడాల్సిందే. కాకపోతే ఆ గెలుపుతో తేలింది ఈ వాడకం మనకి ముందే తెలుసన్నది. పసుపు రాస్తే రంగు తేలతారని కాదు. పసుపులోని కర్క్యుమిన్ నీళ్ళలో కరగదు, వెలుతురుకి పాడవుతుంది. చీర మీది పసుపు మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోవడం మీరు చూసిందే. అందుకని నలుగుకి పసుపు శుభంగా వాడండి, తెల్లబడుతుందని మాత్రం ఆశపడొద్దు. రంగు కోసం రసాయనం కలిపిన పొడి కాకుండా కొమ్ములు కొని ఇంట్లో కొట్టించుకోండి.

పొడిబారిన చర్మానికైతే కొబ్బరినూనె చాలు. ఫిలిప్పీన్స్‌లో 2004లో 34 మంది మీద పరీక్షిస్తే, డాక్టర్లు వాడే మినరల్ ఆయిల్‌కి తీసిపోలేదు. స్నానం చేశాక ఒళ్ళు తడిగా ఉండగానే రాయండి.

అమ్మాయి ఆ సీరం వాడదల్చుకుంటే ముందు మోచేతి మడతలో నాలుగు రోజులు రాసి చూడమనండి. దురద, దద్దురు వస్తే మానేయాలి. పెళ్లి నెల రోజుల్లోకి వచ్చాక కొత్తది ఏదీ మొదలుపెట్టొద్దు.

అన్నట్టు, మీ చేతుల మాట కూడా. ఊరగాయకి నిమ్మకాయలు తరిగాక, ముక్కలు ఎండబెట్టడానికి మేడ మీదికి వెళ్ళేముందే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి.